పోర్టు లోపాల పట్టికలో ఏ అంకె ఎవరి గురించి చెబుతుంది

సర్వర్లను డిస్కులున్న స్టోరేజ్‌తో కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లో పోర్టు లోపాల పట్టిక తెరిచేటప్పుడు అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది: అక్కడ కనిపించే లెక్కల్లో చాలావరకు ఆ పోర్టుకు అందిన వెలుతురు గురించినవే గాని, అది పంపిన వెలుతురు గురించినవి కావు. ఈ నెట్‌వర్క్ నడిచే ఫైబర్ ఛానల్ పద్ధతిలో కేబుల్‌కు రెండు పోగులుంటాయి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. స్విచ్ పోర్టులో కొత్తగా ఒక లోపం నమోదైందంటే, సర్వరు వైపు నుంచి స్విచ్‌కు వచ్చే పోగులోనో, దానికి అటు చివరనున్న లేజరులోనో, ఇటు చివరనున్న గ్రాహకంలోనో ఏదో తేడా ఉందన్నమాట. స్విచ్ నుంచి సర్వరుకు వెళ్లే పోగు చెడితే ఆ సంగతి స్విచ్‌కు తెలియనే తెలియదు. దాని లెక్క సర్వరును ఈ నెట్‌వర్క్‌కు కలిపే హెచ్‌బీఏ కార్డు దగ్గర ఉంటుంది. ఈ విషయాన్ని పక్కన పెట్టి, అంకె కనిపించిన చోటల్లా ఎస్‌ఎఫ్‌పీ (లేజరు, గ్రాహకం ఉండే, పోర్టులో దూర్చే చిన్న మాడ్యూలు) మార్చుకుంటూ పోవడం మన ఆఫీసుల్లో బాగా అలవాటైపోయింది. డబ్బు వృథా కావడం ఒక ఎత్తయితే, అసలు చెడు ఎక్కడుందో తేలకుండానే ఉండిపోవడం మరో ఎత్తు. ఆ పట్టికను ఎలా చదవాలో కాస్త వివరంగా రాయాలని అందుకే అనుకున్నాను.

నేను పనిచేసేది ఒంగోలులో. మా సర్వర్ గదిలో ఉన్నవి బ్రోకేడ్ స్విచ్‌లు. పాతవి 8 గిగాబిట్‌వి, తర్వాత వచ్చినవి 16, 32 గిగాబిట్‌వి. కాబట్టి కింద వాడే పేర్లు ఎక్కువగా వాటివే. స్విచ్‌లోకి లాగిన్ అయి ‘పోర్ట్‌ఎర్‌షో’ అనే కమాండ్ ఇస్తే ఒక్కో పోర్టుకు ఒక్కో వరుస చొప్పున పట్టిక వస్తుంది. మొదట పంపిన ఫ్రేములు (డేటా మూటలు), అందిన ఫ్రేములు. ఆ తర్వాత ఎన్‌క్ ఇన్, సీఆర్‌సీ ఎర్, సీఆర్‌సీ జీ-ఈఓఎఫ్, ఎన్‌క్ అవుట్, డిస్క్ సీ3 (పారేసిన ఫ్రేములు; డిస్కులతో సంబంధం లేదు), లింక్ ఫెయిల్, లాస్ సింక్ (సంకేతంతో తాళం తప్పడం), లాస్ సిగ్ (వెలుతురు అందకపోవడం) వంటి గడులు. కుడివైపు చివరగా సీ3 టైమ్‌అవుట్, పీసీఎస్ ఎర్ గడులు ఉంటాయి. పెద్ద అంకెలను కుదించి కే, ఎమ్, జీ అక్షరాలతో చూపిస్తుంది గనుక, పొద్దున 1.2కే అని ఉన్న గడి సాయంత్రానికి కూడా 1.2కే అనే చూపిస్తే అది పెరగలేదని అనుకోకూడదు. మధ్యలో పదులకొద్దీ చేరినా ఆ కుదింపులో కనిపించవు. పూర్తి అంకె కావాలంటే ఆ ఒక్క పోర్టుకు ‘పోర్ట్‌స్టాట్స్‌షో’ ఇచ్చి చూసుకోవాలి.

ఈ లెక్కలన్నీ ఆఖరుసారి సున్నా చేసినప్పటి నుంచి పోగవుతూ వచ్చినవి. ఎప్పుడు సున్నా చేశారో తెలియకుండా అంకె మాత్రమే చూసి నిర్ణయానికి రావడం కుదరదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో కరెంటు పోతూ వస్తూ ఉండటం వల్ల మా సర్వర్లను ఆపి మళ్లీ లేపవలసి వచ్చింది. అప్పుడు దాదాపు ప్రతి పోర్టులోనూ లాస్ సింక్, లాస్ సిగ్, ఎన్‌క్ అవుట్ గడులు పెరిగాయి. సర్వరు ఆగినప్పుడు వెలుతురు ఆగుతుంది, లేచేటప్పుడు రెండు వైపులా వేగం కుదుర్చుకోవడానికి ప్రయత్నిస్తాయి. ఆ కాసేపటిలో స్విచ్‌కు అందేది అర్థం లేని బిట్ల వరద కాబట్టి వేలకొద్దీ లోపాలు నమోదవుతాయి. అవి చెడుకు గుర్తులు కావు. వాటిని అలాగే వదిలేస్తే మాత్రం, నెలలు గడిచాక ఆ పట్టిక తెరిచిన మనిషికి లేని రోగం కనిపిస్తుంది. అందుకని పట్టికను మొదట ఫైలులో దాచుకోవాలి, తేదీ, గంట రాసుకోవాలి, ‘స్టాట్స్‌క్లియర్’ ఇచ్చి సున్నా చేయాలి, ఒక రోజు పూర్తిగా పని నడిచాక మళ్లీ చూడాలి. దాచకుండా చెరిపేయడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. పాత అంకెలు ఇంకొకరి దర్యాప్తుకు అవసరపడవచ్చు.

ఇక గడుల్లోకి వద్దాం. 8 గిగాబిట్ వరకు ఫైబర్ ఛానల్ లింకుల్లో ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు. ఆ 10 బిట్ల అమరికల్లో కొన్నే చెల్లుతాయి. చెల్లని అమరిక అందితే ఎక్కడో ఒక బిట్టు తారుమారైందని గ్రాహకం పసిగడుతుంది. అది ఫ్రేము లోపల జరిగితే ఎన్‌క్ ఇన్, ఫ్రేములకు మధ్యనున్న ఖాళీలో జరిగితే ఎన్‌క్ అవుట్. ఫ్రేము చివరనున్న 32 బిట్ల సీఆర్‌సీ (ఫ్రేము చెడిందో లేదో సరిచూసుకునే అంకె) సరిపోకపోతే సీఆర్‌సీ ఎర్ పెరుగుతుంది. 16 గిగాబిట్ నుంచి ఎన్‌కోడింగ్ పద్ధతి 64 బిట్లను 66 బిట్లుగా మార్చేదిగా మారింది కాబట్టి, ఆ వేగంతో నడుస్తున్న పోర్టుల్లో ఎన్‌క్ గడుల బదులు పీసీఎస్ ఎర్ గడిని చూడాలి. పాత అలవాటుతో ఎన్‌క్ గడి ఖాళీగా ఉందని తృప్తిపడేవారు ఇక్కడ పొరబడతారు.

ఫ్రేముల మధ్య ఖాళీలో దెబ్బతిన్నది ఏదైనా పనికిరానిదేలే అని ఎన్‌క్ అవుట్‌ను తేలిగ్గా తీసుకునేవారు ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. సర్వర్లు ఏవీ ఆగి లేవకుండా, కేబుల్ ఎవరూ తీసి పెట్టకుండా ఎన్‌క్ అవుట్ రోజంతా మెల్లగా పెరుగుతూ ఉంటే అది దారి చెడుతోందనడానికి తొలి గుర్తు. పైగా ఆ ఖాళీలో నడిచేవి ఉత్త నింపుడు సంకేతాలే కావు. ఒక బఫరు (అందిన ఫ్రేమును ఉంచుకునే చోటు) ఖాళీ అయిందని చెప్పే ఆర్-రెడీ సంకేతం కూడా అక్కడే వస్తుంది. అది దెబ్బతింటే ఒక క్రెడిట్, అంటే ఒక ఫ్రేము పంపే అనుమతి, లింకు రీసెట్ అయ్యేదాకా పోయినట్టే. దాని సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను.

ఈ పట్టిక మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది సీఆర్‌సీ జీ-ఈఓఎఫ్ గడి. దాన్ని అర్థం చేసుకోవాలంటే స్విచ్ ఫ్రేమును ఎలా ముందుకు పంపుతుందో తెలియాలి. బ్రోకేడ్ స్విచ్ ఫ్రేము మొత్తం అందేదాకా ఆగదు. తలభాగంలోని చిరునామా చదవగానే అటు చివర నుంచి పంపడం మొదలుపెడుతుంది. సీఆర్‌సీ ఉండేది ఫ్రేము చివర. అది తప్పని తేలేసరికి ఫ్రేములో ఎక్కువ భాగం ముందుకు వెళ్లిపోయి ఉంటుంది, వెనక్కు పిలవడానికి వీల్లేదు. అందుకని స్విచ్ ఆ ఫ్రేము ముగింపు గుర్తును మార్చి, ఇది చెల్లదు అనే ముద్రతో పంపుతుంది. ఆ తర్వాత దారిలో ఉన్న ప్రతి స్విచ్‌లోనూ సీఆర్‌సీ ఎర్ ఒక్కొక్కటి పెరుగుతుంది గాని, ముగింపు గుర్తు అప్పటికే చెల్లనిది కాబట్టి జీ-ఈఓఎఫ్ పెరగదు. సీఆర్‌సీ తప్పై, ముగింపు గుర్తు మాత్రం బాగున్న ఫ్రేము అందిన చోటనే జీ-ఈఓఎఫ్ పెరుగుతుంది. అంటే ఆ ఫ్రేము చెడిపోయింది సరిగ్గా ఆ పోర్టుకు వచ్చే లింకులోనే. ముందు చెప్పినట్టు అంకె వచ్చేదారి గురించే చెబుతుంది; ఆ దారిలో చెడు కొత్తగా పుట్టిందా, ఎక్కడి నుంచో మోసుకొచ్చిందా అన్నది ఈ గడి తేలుస్తుంది.

మా డేటాబేసు చూసే తమ్ముడు ఒక రోజు ఫోను చేసి, "అన్నా, డేటాబేసు అరనిమిషం పాటు కొయ్యబారిపోయి మళ్లీ తనంతట తనే నడస్తా ఉంది. డిస్కుల్లో ఏం లేదంటన్నారు, మరి ఏంది ఇది?" అని అడిగాడు. ఆ సర్వరు ఒక స్విచ్‌కు, స్టోరేజ్ మరో స్విచ్‌కు తగిలించి ఉన్నాయి. రెండూ 8 గిగాబిట్‌వే, మధ్యలో ఆ రెండు స్విచ్‌లనూ కలిపే ఐఎస్‌ఎల్ లింకు ఉంది. స్టోరేజ్ వైపు స్విచ్‌లో ఆ ఐఎస్‌ఎల్ పోర్టు మీద సీఆర్‌సీ ఎర్ పెరుగుతోందని హెచ్చరిక వచ్చి ఉంది. నిర్వహణ ఒప్పందం ఉన్న కంపెనీ వారు ఆ హెచ్చరిక చూసి ఐఎస్‌ఎల్‌కు రెండు వైపులా ఎస్‌ఎఫ్‌పీలు మార్చమన్నారు. అదే పట్టికలో జీ-ఈఓఎఫ్ గడి సున్నాగా, ఎన్‌క్ ఇన్ గడి కూడా సున్నాగా ఉన్నాయి. బిట్లు ఆ లింకులో చెడలేదు, చెడిన ఫ్రేములు అప్పటికే ముద్ర వేసుకుని అక్కడికి వచ్చాయి అని ఆ రెండు సున్నాలు స్పష్టంగా చెబుతున్నాయి. సర్వరు వైపు స్విచ్‌లో పట్టిక తెరిస్తే, ఆ సర్వరు తగిలించిన పోర్టులోనే సీఆర్‌సీ ఎర్, జీ-ఈఓఎఫ్ సరిసమానంగా, వాటితోబాటు ఎన్‌క్ ఇన్ కూడా కనిపించాయి. ఐఎస్‌ఎల్‌కు చెయ్యి పెట్టవలసిన పనే లేదు.

సిస్కో ఎండీఎస్ స్విచ్‌లు వాడేవారికి ఈ వెతుకులాట ఇలా ఉండదు. అవి ఫ్రేమును పూర్తిగా తీసుకుని, సీఆర్‌సీ చూసి, చెడ్డదైతే అక్కడే పారేస్తాయి కాబట్టి సాధారణంగా అంకె కనిపించిన పోర్టుకు వచ్చే లింకునే అనుమానించవచ్చు.

కోట్ల ఫ్రేముల్లో నలభయ్యో యాభయ్యో చెడితే డేటాబేసు ఎందుకు ఆగాలి అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. స్టోరేజ్ పనికి వాడే క్లాస్ 3 సేవలో ఫ్రేము అందిందన్న రసీదు లేదు, పోయిన ఫ్రేమును నెట్‌వర్క్ మళ్లీ పంపడమూ లేదు. పోయిందని గుర్తించవలసింది పైనున్న, డిస్కులకు ఆదేశాలిచ్చే స్కజీ పొర. చదువుతున్న డేటాలో ఒక ముక్క పోతే, ముగింపు సమాధానం వచ్చినప్పుడు లెక్క తక్కువైందని హెచ్‌బీఏ వెంటనే పట్టుకోగలదు. ఆదేశం ఉన్న ఫ్రేమో, సమాధానం ఉన్న ఫ్రేమో పోతే పట్టుకునే వీలుండదు, గడువు తీరేదాకా ఎదురుచూడాలి. లినక్స్‌లో డిస్కుకు ఆ గడువు మామూలుగా 30 సెకన్లు. డేటాబేసు లాగ్ రాసే ఒక్క ఆదేశం ఇలా పోతే, దాని వెనుక వరుసలో ఉన్న లావాదేవీలన్నీ ఆ అరనిమిషం నిలబడిపోతాయి. తమ్ముడు చెప్పిన అరనిమిషం ఈ గడువే. లోపాల సంఖ్యను మొత్తం ఫ్రేముల సంఖ్యతో భాగించి శాతం వేసి ఊరట చెందడం ఇక్కడ పనికిరాదు.

అలాగని ప్రతి ఒక్క బిట్టు లోపానికీ కంగారుపడనక్కరలేదు. ఈ వేగాల్లో ప్రమాణం అనుమతించే తప్పు లక్ష కోట్ల బిట్లకు ఒకటి. 8 గిగాబిట్ లింకులో బిట్లు సెకనుకు 850 కోట్ల చొప్పున నడుస్తాయి గనుక, ఆ హద్దు ప్రకారం సుమారు రెండు నిమిషాలకు ఒక బిట్టు చెడినా లింకు ప్రమాణంలో ఉన్నట్టే లెక్క. ఆచరణలో మంచి కేబుల్ ఇంతకంటే ఎన్నో రెట్లు శుభ్రంగా నడుస్తుంది. రోజంతా చూసినా సున్నా ఉండటమే మామూలు. నేనైతే పక్క పోర్టులన్నీ సున్నాతో ఉండగా ఒక పోర్టు మాత్రం ప్రతిరోజూ కొద్దికొద్దిగా పెరుగుతుంటే, ప్రమాణం హద్దు దాటకపోయినా దాన్ని వదిలిపెట్టను.

ఆ సర్వరు పోర్టు దగ్గరికి మళ్లీ వస్తే, తర్వాతి పని వెలుతురును కొలవడం. ‘ఎస్‌ఎఫ్‌పీ‌షో’ కమాండ్ ఎస్‌ఎఫ్‌పీ పంపుతున్న వెలుతురునూ, దానికి అందుతున్న వెలుతురునూ డీబీఎమ్‌లలో (వెలుతురు బలాన్ని డెసిబెళ్లలో చెప్పే కొలత) చూపిస్తుంది. హెచ్‌బీఏ పంపుతున్నది మైనస్ 2.6 ఉండగా స్విచ్‌కు అందుతున్నది మైనస్ 9.1 ఉంది. ప్రతి 3 డెసిబెళ్లకూ వెలుతురు సగమవుతుంది కాబట్టి, 6.5 డెసిబెళ్ల తేడా అంటే బయలుదేరిన వెలుతురులో పావు వంతు కూడా చేరడం లేదు. ఓఎమ్3 కేబుల్లో నష్టం కిలోమీటరుకు 3.5 డెసిబెళ్లకు మించకూడదు. గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు లాగిన కేబుల్లో అది ఒక డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. ఒక్కో జోడింపు దగ్గర 0.75 డెసిబెల్ వరకు ఒప్పుకోవచ్చు. పోగులో పోయేది ఇంత తక్కువైనప్పుడు పోయినదంతా జోడింపుల దగ్గరే పోయి ఉండాలి. మాకు సర్వరుకూ స్విచ్‌కూ మధ్య ఒక ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లను జోడించే పలక) ఉంది.

ప్యానెల్ నుంచి కనెక్టరు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాము. తెల్లటి ఫెరూలు (పోగు కొనను పట్టి ఉంచే గొట్టం) నడుమ 125 మైక్రాన్ల గాజు పోగు, దాని నడిబొడ్డున వెలుతురు నడిచే 50 మైక్రాన్ల కోరు. కోరుకు సగం మీదుగా పలుకుల్లాంటి ధూళి పరచుకుని ఉంది, ఒక పలుకు పక్కన సన్నటి గీత కూడా ఉంది. చీమకుర్తి గ్రానైటు రాళ్లు మోసుకుపోయే లారీల దారి మా ఆఫీసుకు దూరం కాదు; ఆ దుమ్ము ఎన్ని తలుపులు వేసినా ఏదో ఒక సందున వస్తుంది. గట్టి రాతిపొడి కాబట్టి తుడవకుండా కనెక్టరును లోపలికి నొక్కితే గాజును గీస్తుంది కూడా. పొడిగా తుడిచే క్లీనర్ పెన్నుతో రెండు వైపులా శుభ్రం చేసి, వదలని మరకకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడి, మళ్లీ మైక్రోస్కోపులో చూసి అప్పుడు తగిలించాము. గీత పడిన ప్యాచ్ కేబుల్‌ను పక్కన పెట్టి కొత్తది వేశాము. అందే వెలుతురు మైనస్ 3.4కు వచ్చింది. లెక్కలు సున్నా చేసి మర్నాడు చూస్తే మూడు గడులూ సున్నా దగ్గరే ఉన్నాయి.

నోటితో ఊది కనెక్టరు పెట్టేవారిని ఎన్నోసార్లు చూశాను. ఊపిరిలోని తేమ గాజు మీద మరకై మిగులుతుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లలో గదిలో తేమ ఎలాగూ ఎక్కువే. కొత్త కేబుల్ మూతలో కూడా ధూళి ఉంటుంది, కొత్తదని తుడవకుండా పెట్టకూడదు. ఇంకో మాట, ఈ లేజర్ల తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లు, కంటికి కనిపించదు. వెలుతురు వస్తోందో లేదో చూద్దామని కనెక్టరులోకి కన్ను పెట్టడం ప్రమాదం.

లోపం భౌతికమైనది కానప్పుడు చూడవలసిన గడులు వేరు: డిస్క్ సీ3, సీ3 టైమ్‌అవుట్ టీఎక్స్ (పంపేవైపు), ఆర్‌ఎక్స్ (అందేవైపు). ఫైబర్ ఛానల్‌లో పంపేవాడు తన ఇష్టానికి పంపలేడు. అవతలివైపు ఎన్ని బఫర్లున్నాయో అన్ని క్రెడిట్లు చేతిలో ఉంటాయి. ఫ్రేముకు ఒకటి చొప్పున ఖర్చవుతుంది, ఆర్-రెడీ వచ్చినప్పుడు ఒకటి తిరిగి వస్తుంది. మా కోస్తాలో రొయ్యల చెరువు పట్టుబడి రోజున ఖాళీ ట్రేలు తిరిగి వస్తేనే మళ్లీ నింపగలిగినట్టు, క్రెడిట్లు సున్నాకు వస్తే పోర్టు చేతులు కట్టుకుని నిలబడవలసిందే. అలా నిలబడిన ఫ్రేము కొంత గడువు దాటితే స్విచ్ దాన్ని పారేస్తుంది. బ్రోకేడ్‌లో ఆ గడువు 500 మిల్లీసెకన్లు, అంచు పోర్టులకు (సర్వరో స్టోరేజో తగిలించినవాటికి) 220కి తగ్గించుకోవచ్చు. పారేసిన ఫ్రేము బయటకు వెళ్లవలసిన పోర్టులో టీఎక్స్ గడి, అది లోపలికి వచ్చిన పోర్టులో ఆర్‌ఎక్స్ గడి పెరుగుతాయి. అందుకని టీఎక్స్ పెరుగుతున్న అంచు పోర్టుకు తగిలించిన పరికరమే క్రెడిట్లు సకాలంలో తిరిగి ఇవ్వడం లేదు. ఆర్‌ఎక్స్ పెరుగుతున్న పోర్టు దాని వల్ల నష్టపోయినది మాత్రమే. ఫిర్యాదు వచ్చేది నష్టపోయిన సర్వరు యజమాని నుంచి, కారణం ఉండేది ఎవరూ పట్టించుకోని పాత బ్యాకప్ సర్వరులో. నెమ్మదిగా లాగే ఒక్క పరికరం ఐఎస్‌ఎల్ మొత్తాన్ని కుక్కేసి, దానితో సంబంధం లేని సర్వర్లను కూడా ఇబ్బంది పెట్టగలదు.

టైమ్‌అవుట్ దాకా పోకముందే ఈ జబ్బును చూపించే లెక్క ఒకటి ‘పోర్ట్‌స్టాట్స్‌షో’లో ఉంది, టిమ్-టీఎక్స్‌క్రెడ్-జెడ్ అని. పంపవలసింది ఉండి కూడా క్రెడిట్ లేక నిలిచిన కాలాన్ని 2.5 మైక్రోసెకన్ల ముక్కలుగా లెక్కిస్తుంది. ఒక సెకను పూర్తిగా నిలిస్తే 4,00,000 చేరుతుంది. అంకె భయంకరంగా కనిపించినా సెకనుతో పోల్చి చూడాలి. ఆ లెక్క 32 బిట్లదైతే 429,49,67,295 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అంటే మొత్తం మీద దాదాపు మూడు గంటల నిరీక్షణకే గుండ్రం తిరుగుతుంది. 64 బిట్ల లెక్క చూపించే గడి పక్కనే ఉంటుంది, దాన్నే నమ్మాలి. పైన చెప్పిన ఎన్‌క్ అవుట్ సంగతి ఇక్కడికి వస్తుంది: ఆర్-రెడీలు దారిలో చెడి క్రెడిట్లు ఒక్కొక్కటే పోతూ ఉంటే, ఏ పరికరమూ నెమ్మదించకుండానే ఈ అంకె పెరుగుతుంది. క్రెడిట్లన్నీ పోయి 2 సెకన్లు గడిస్తే స్విచ్ లింకును రీసెట్ చేసి మళ్లీ మొదటి నుంచి ఇస్తుంది. కాబట్టి ఈ అంకె పెరిగితే, పరికరాన్ని తప్పుపట్టే ముందు లింకుకు రెండు చివరలా బిట్టు లోపాలున్నాయేమో చూడటం న్యాయం.

రెండో చివర చూడటానికి లినక్స్ సర్వరులో ఏ సాధనమూ అక్కరలేదు. సిస్, క్లాస్, ఎఫ్‌సీ-హోస్ట్ డైరెక్టరీల కింద ఒక్కో హెచ్‌బీఏకు స్టాటిస్టిక్స్ అనే డైరెక్టరీ ఉంటుంది. అందులో ఇన్వాలిడ్ సీఆర్‌సీ కౌంట్, ఇన్వాలిడ్ టీఎక్స్ వర్డ్ కౌంట్, లాస్ ఆఫ్ సింక్ కౌంట్ వంటి ఫైళ్లు ఉంటాయి. వాటిలో అంకెలు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, అన్నీ ఎఫ్‌లే కనిపిస్తే ఆ లెక్కను డ్రైవరు ఇవ్వడం లేదని అర్థం. ఇన్వాలిడ్ టీఎక్స్ వర్డ్ అనే పేరు చూసి అది హెచ్‌బీఏ పంపిన వాటి లెక్క అనుకుంటారు. నిజానికి అది కూడా హెచ్‌బీఏకు అందిన చెల్లని ట్రాన్స్‌మిషన్ వర్డుల లెక్కే.

32 గిగాబిట్ స్విచ్‌లు వచ్చాక ఈ పట్టిక చాలా శుభ్రంగా కనిపిస్తోంది, దానికి కారణం కేబుళ్లు మెరుగుపడటం కాదు. 16 గిగాబిట్‌లో ఐచ్ఛికంగా ఉన్న లోపాల సవరణ, అంటే ఎఫ్‌ఈసీ, 32 గిగాబిట్‌లో తప్పనిసరి అయింది. చెడిన బిట్లను గ్రాహకమే సరిచేసి ముందుకు పంపుతుంది కాబట్టి సీఆర్‌సీ గడి ఖాళీగానే ఉంటుంది. సరిచేయగలిగే హద్దు దాటినప్పుడే అన్‌కార్ ఎర్ (సరిచేయలేని లోపాల గడి) పెరుగుతుంది, అప్పటికి కనెక్టరు బాగా పాడై ఉంటుంది. పైగా 8 గిగాబిట్‌తో 150 మీటర్లు పోయే ఓఎమ్3 కేబుల్ 32 గిగాబిట్‌తో 70 మీటర్లే పోతుంది. పాత కేబుళ్ల మీదనే కొత్త స్విచ్‌లు పెట్టిన చోట వెలుతురుకు మిగిలిన వెసులుబాటు చాలా తక్కువ. మేము ఇప్పుడు వారానికొకసారి దాచుకునే పట్టికలో ఎఫ్‌ఈసీ సరిచేసిన లోపాల లెక్కను, ప్రతి పోర్టుకూ అందే వెలుతురును కూడా చేర్చాము. సరిచేసిన లెక్క పక్క పోర్టుల కంటే ఎక్కువ వేగంతో పెరుగుతున్నట్టు కనిపిస్తే, సీఆర్‌సీ గడి సున్నా ఉన్నా సరే, ఆ కనెక్టరును తీసి మైక్రోస్కోపు కింద పెడుతున్నాము.